జేకబ్ మనకెందుకు అందడు?

ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ రాసిన ‘జేకబ్స్ రూమ్’ని సగంలో వదిలేసినవాళ్ళు నాకు చాలామందే తెలుసు. అందరిదీ దాదాపు ఒకటే కంప్లైంట్: ‘‘అసలు ఆ కుర్రాడెవరో తెలిస్తే కదా!’’ ఆ మాటలో న్యాయం ఉంది. జేకబ్ ఫ్లాండర్స్ చిన్నప్పటి నుంచి చనిపోయేదాకా సాగే నవల ఇది. కానీ పుస్తకం మూశాక అతని గురించి గట్టిగా నాలుగు మాటలు చెప్పమంటే తడుముకోవాల్సి వస్తుంది. అందగాడు, కాస్త మొరటుగా ఉంటాడు. ఎక్కువ మాట్లాడడు. కవి బైరన్ అంటే ఇష్టం, గ్రీకులంటే పిచ్చి. ఆడవాళ్ళు ఇట్టే ప్రేమలో పడతారు. యుద్ధానికి వెళ్ళి తిరిగి రాడు. ఏం ఆలోచించాడు, ఎవర్ని నిజంగా ప్రేమించాడు, చివర్లో భయపడ్డాడా లేదా, ఇవేవీ మనకు తెలియవు.

ఇది లోపం కాదనీ, ఈ నవల బలమే ఇందులో ఉందనీ నా వాదన. ఇంకో అడుగు ముందుకేసి అంటాను: మొదటి ప్రపంచ యుద్ధం గురించి నేను చదివిన నవలల్లో ఇంత నిజాయితీ ఉన్నది మరొకటి లేదు. ఇందులో జేకబ్ యుద్ధం చేసే సన్నివేశం ఒక్కటీ లేదు, కందకం లేదు, గాయం లేదు. అయినా అంటాను.

1922 అక్టోబర్ 27న ఈ పుస్తకం బయటికి వచ్చింది. అంతకుముందు వుల్ఫ్ రాసిన రెండు నవలల్నీ ఆమె సవతి అన్న జెరాల్డ్ డక్‌వర్త్ కంపెనీ వేసింది. ఇది మాత్రం ఆమె, భర్త లెనర్డ్ కలిసి నడుపుకుంటున్న హోగార్త్ ప్రెస్ తరఫున వచ్చిన ఆమె మొదటి నవల. అక్క వెనెస్సా బెల్ అట్ట డిజైన్ చేసింది. సొంత ప్రెస్ కాబట్టి ‘ఇది కథేనా’ అని అడిగే ఎడిటర్ లేడు. 1920 జనవరి 26న, అంటే ముప్పై ఎనిమిదో పుట్టినరోజు మర్నాడు, డైరీలో ఈ కొత్త పద్ధతి గురించి రాసుకుంది. పరంజా ఉండకూడదు, ఇటుక కూడా కనబడీ కనబడనట్టు ఉండాలి, అయినా గుండెకాయ మాత్రం పొగమంచులో నిప్పులా వెలగాలి. అలాగే కట్టింది కూడా. ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య తెల్ల జాగా వదిలేసి, అక్కడ ఏం జరిగిందో చెప్పకుండా ముందుకు వెళ్ళిపోతుంది.

మూడో అధ్యాయంలో రైలు సన్నివేశం ఒకటుంది. నవల మొత్తం దానిలోనే ఉందని నాకనిపిస్తుంది. 1906 అక్టోబర్‌లో జేకబ్ కేంబ్రిడ్జి చదువుకు బయల్దేరతాడు. రైలు పెట్టెలో మిసెస్ నార్మన్ అనే యాభై ఏళ్ళావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. గట్టి ఒళ్ళున్న కుర్రాడొకడు రైల్లోకి దూకేసరికి ఆవిడకు టెన్షన్ పట్టుకుంటుంది. ఇది సిగరెట్లు కాల్చే పెట్టె కాదని నీరసంగా ఒక మాట అంటుంది గానీ అతనికి వినబడదు. ఏదైనా జరిగితే కుడిచేత్తో సెంటు సీసా విసరాలి, ఎడంచేత్తో గొలుసు లాగాలి అని లెక్క వేసుకుంటుంది. పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అతన్ని ఓరగా చూస్తుంది. సాక్సు జారి ఉన్నాయి. టై నలిగి ఉంది. పెదాలు, కళ్ళు, మొహం. చూడగా చూడగా తన కొడుకు వయసువాడే కదా అనిపిస్తుంది. కేంబ్రిడ్జి వస్తుంది. అతను సిగ్గుపడుతూ ఆవిడ సామాను దించడానికి సాయం చేయబోతాడు. స్టేషన్లో కొడుకు కనబడగానే ఆవిడ ఈ కుర్రాణ్ణి పూర్తిగా మర్చిపోతుంది, పిల్లలు బావిలో వేసిన గుండుసూది తిరుగుతూ తిరుగుతూ అడుగుకి పోయినట్టు. నవల్లో మిసెస్ నార్మన్ మళ్ళీ కనబడదు.

ఇక్కడ వుల్ఫ్ ఏం చేసిందో చూడండి. ఆవిడ భయం, ఆవిడ లెక్క, ఆవిడ జాలి మనకు పూర్తిగా తెలిశాయి. జేకబ్‌వి సాక్సులు మాత్రమే తెలిశాయి. నవలంతా ఇలాగే నడుస్తుంది. కార్న్‌వాల్ సముద్రతీరంలో బొమ్మ వేసుకునే పెయింటర్, జేకబ్ సొంతూరు స్కార్‌బరో పక్కింటివాళ్ళు, కేంబ్రిడ్జి ప్రొఫెసర్లు, ఫ్లోరిండా, క్లారా డురాంట్, ఫ్యానీ ఎల్మర్, గ్రీసులో కలిసిన సాండ్రా, ప్రాణ స్నేహితుడు బొనామీ, వీళ్ళంతా జేకబ్‌ని చూస్తారు. ప్రతివాళ్ళూ తమకు కావలసిందే చూస్తారు. జేకబ్ కళ్ళ వెనక్కి మాత్రం మనల్ని ఎవరూ తీసుకెళ్ళరు. ఎక్కడైనా ఓ క్షణం లోపలికి వెళ్ళినా తలుపు వెంటనే మూసుకుంటుంది.

చైతన్య స్రవంతి, అంటే పాత్ర తలలో సాగే ఆలోచనల్నే కథగా నడిపే పద్ధతి, అనగానే మనకు నవీన్ ‘అంపశయ్య’ గుర్తొస్తుంది. ఉస్మానియా హాస్టల్లో రవి ఒక్కరోజు. అక్కడ మనం పొద్దున లేచింది మొదలు రవి తలలోనే ఉంటాం, ఊపిరాడనంతగా. వుల్ఫ్‌ని కూడా ఆ గాటనే కట్టేస్తుంటారు కాబట్టి, ఆమె తర్వాతి నవల ‘మిసెస్ డాలొవే’ని క్లాసులో చదివిన అలవాటుతో దీన్ని తెరిచినవాళ్ళు తికమకపడతారు. ఇందులో తలలోకి దారి లేదు. గుమ్మం బయటే నిలబడాలి.

ఆర్నాల్డ్ బెనెట్ ఆ రోజుల్లో ఇంగ్లండులో పెద్ద పేరున్న నవలాకారుడు. 1923లో ఈ పుస్తకం గురించి రాస్తూ, తెలివి దండిగా ఉంది గానీ పాత్రలు మనసులో నిలవవు, రచయిత్రి చమత్కారం మీద మోజులో పడింది అన్నాడు. వుల్ఫ్ ఊరుకోలేదు. ‘మిస్టర్ బెనెట్ అండ్ మిసెస్ బ్రౌన్’ అని జవాబు రాసింది. ఆ గొడవలో జనం సాధారణంగా వుల్ఫ్ పక్షమే తీసుకుంటారు. నేనూ అంతే. కానీ బెనెట్ చెప్పిన విషయాన్ని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అతను గమనించింది నిజమే, జేకబ్ నిలవడు. ఎందుకు నిలవడు అన్నదగ్గరే బెనెట్ పొరపాటు పడ్డాడు. చేతకాక నిలబెట్టలేదనుకున్నాడు. నిలబెడితే అబద్ధమవుతుందని ఆమె నిలబెట్టలేదు.

ఎందుకు అబద్ధమవుతుంది? దీనికి వుల్ఫ్ ఇంట్లో జరిగింది తెలియాలి.

ఆమె అన్న థోబీ స్టీఫెన్. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చదివాడు. భారీ మనిషి, తక్కువ మాటలు. 1906లో అన్నాచెల్లెళ్ళు గ్రీసు వెళ్ళారు, వాళ్ళతోపాటు వర్జీనియా స్నేహితురాలు వయొలెట్ డికిన్సన్ కూడా. తిరిగొచ్చాక థోబీకీ వయొలెట్‌కీ టైఫాయిడ్ పట్టుకుంది. నవంబర్ 20న థోబీ చనిపోయాడు. ఇరవై ఆరేళ్ళు. ఈ వార్త తెలిస్తే జబ్బుతో ఉన్న వయొలెట్ తట్టుకోలేదని వర్జీనియా దాచిపెట్టింది. దాచిపెట్టడమే కాదు, దాదాపు నెల రోజులు థోబీ కోలుకుంటున్నట్టు వయొలెట్‌కి ఉత్తరాలు రాసింది. మాంసం, బీరు ఇవ్వడం లేదని నర్సుల మీద విసుక్కుంటున్నాడని రాసింది. అప్పటికి అతను చనిపోయి వారం కూడా కాలేదు.

ఆ ఉత్తరాల సంగతి తెలిశాక ఈ నవల నాకు వేరే రకంగా కనబడింది. పోయిన మనిషి చేత తినిపించి, కోప్పడేలా చేసి, మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం ఎంత సులువో ఆమెకు అనుభవం. నాలుగు వాక్యాలు చాలు, మనిషి బతికేస్తాడు. నవల్లో జేకబ్ కేంబ్రిడ్జికి వెళ్ళేది సరిగ్గా 1906 అక్టోబర్‌లో. థోబీకి దక్కని ఏళ్ళు జేకబ్‌కి ఇచ్చింది. కానీ ఈసారి ఆ నాలుగు వాక్యాలు రాయనని పట్టుబట్టింది. జేకబ్ ఏమనుకున్నాడో తనకు తెలుసని ఎక్కడా నటించదు. తనకూ అతనికీ పదేళ్ళ వయసు తేడా ఉందనీ, తాను ఆడదాన్నీ అతను మగవాడనీ నేరుగా చెప్పేస్తుంది. మనుషుల్ని ఇంతే అని తేల్చేయాలని చూడటం వృథా, అందిన ఆచూకీలు పట్టుకుని వెళ్ళడమే అన్న అర్థం వచ్చే మాట పుస్తకంలో రెండుసార్లు వస్తుంది.

మా నాన్నకు ఒక తమ్ముడుండేవాడు. నేను పుట్టకముందే, ఇరవై రెండో ఏట చెరువులో మునిగి పోయాడు. హాల్లో దండ వేసిన ఫోటో ఉండేది. ఆయన ఎలాంటివాడని ఎవర్ని అడిగినా ‘‘బంగారం లాంటి పిల్లాడు’’ అనేవాళ్ళు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ, ‘‘పప్పులో ఉల్లిపాయ ముక్క తగిలితే కంచం తోసేసేవాడే. నాలుగు తగిలించేదాన్ని’’ అంది. చేతిలో పని ఆపలేదు. బాబాయి అనే మనిషి ఒకడు ఈ ఇంట్లో తిరిగాడని నాకు మొదటిసారి అప్పుడే అనిపించింది. మరుక్షణం నాయనమ్మే సర్దుకుని, ‘‘అయినా బంగారం లాంటి పిల్లాడమ్మా’’ అని ఫోటో వైపు చూసింది.

యుద్ధం తర్వాత ఇంగ్లండులో ఇంటింటా ఇదే జరిగింది. బ్రిటన్ ఏడు లక్షలకు పైగా మగవాళ్ళను పోగొట్టుకుంది. డబ్బున్న కుటుంబాలు పోయిన కొడుకుల ఉత్తరాలూ ఫోటోలూ చేర్చి పుస్తకాలు అచ్చు వేయించుకున్నాయి. కవి రూపర్ట్ బ్రూక్ 1915లో చనిపోయాక అతన్ని ఏకంగా దేవుణ్ణి చేసేశారు. బ్రూక్‌తో పరిచయం ఉన్న వుల్ఫ్ 1918లో అతని జ్ఞాపకాల పుస్తకానికి సమీక్ష రాసింది. లెనర్డ్ తమ్ముడు సెసిల్ 1917లో ఫ్రాన్సులో పోయాడు. అతని కవితల్ని హోగార్త్ ప్రెస్సే చిన్న పుస్తకంగా అచ్చు వేసింది. అంటే ఈ తర్పణం పుస్తకాల సంగతి ఆమెకు బయటివాళ్ళ వ్యవహారం కాదు. 1920 నవంబర్ 11న లండన్లో యుద్ధంలో పోయినవాళ్ళ స్మారకం సెనొటాఫ్‌ని ఆవిష్కరించారు, అదే రోజు పేరు తెలియని సైనికుణ్ణి వెస్ట్‌మినిస్టర్ ఆబే చర్చిలో పాతిపెట్టారు. అప్పటికి ఆమె ఈ నవల రాస్తూ కొన్ని నెలలైంది. చుట్టూ దేశమంతా చనిపోయిన కుర్రాళ్ళను రాయిగా, అక్షరంగా, పరిపూర్ణ వీరుడిగా మార్చుకుంటుంటే, ఆమె కూర్చుని సాక్సు జారిన కుర్రాణ్ణి రాసింది.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. ఆమె తండ్రి లెస్లీ స్టీఫెన్, ‘డిక్షనరీ ఆఫ్ నేషనల్ బయోగ్రఫీ’కి మొదటి సంపాదకుడు. దేశంలో గొప్పవాళ్ళ జీవితాలను కాలమ్స్‌లో బిగించడం ఆ ఇంట్లో పని. ఆ ఇంటి పిల్ల, ఏమీ సాధించకుండానే పోయిన ఒక కుర్రాడి జీవిత చరిత్ర రాయబోయి, రాయలేమని నిరూపించింది.

అయితే జేకబ్‌ని పాపం అమాయకుడని వదిలేసి ఉంటే ఈ నవలని నేను ఇంతగా మెచ్చుకునేదాన్ని కాదు. కింగ్స్ కాలేజీ చర్చిలో ప్రార్థన జరుగుతుంటే జేకబ్ బుర్రలో మెదిలే ఆలోచన: ఆడవాళ్ళను ఇక్కడికెందుకు రానిస్తారు, చర్చిలోకి ఎవరైనా కుక్కను తెస్తారా? ఇంకోచోట అర్ధరాత్రి స్నేహితుడితో నడుస్తూ, గ్రీకులు చెప్పింది అర్థమైంది ప్రపంచంలో మనిద్దరికే అంటాడు. ఏదో ఒక నాటకాన్ని తడబడుతూ చదువుకునేంత గ్రీకు మాత్రమే అతనికి వచ్చని వుల్ఫ్ అక్కడే చెబుతుంది. బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూమ్‌లో అతనికి దగ్గర్లోనే జూలియా హెడ్జ్ కూర్చుంటుంది, స్త్రీల హక్కుల మీద పనిచేసే మనిషి. గుమ్మటం చుట్టూ బంగారు అక్షరాల్లో గొప్ప రచయితల పేర్లుండేవి, అన్నీ మగవాళ్ళవే. రచయిత్రుల్లో ఒక జార్జ్ ఎలియట్‌కో ఒక బ్రాంటీకో చోటు ఎందుకు ఉంచలేదని ఆమె మండిపడుతుంది. జేకబ్‌కి ఆ పేర్ల వైపు చూడాల్సిన అవసరమే రాదు. అవి అతని ఇంటిపేర్లలాంటివి.

ఈ చదువు, ఈ గది, ఈ ధీమా జేకబ్‌ని ప్రధానమంత్రినైనా చేయగలవు, సెకండ్ లెఫ్టినెంట్‌గా చావుకైనా పంపగలవు. వుల్ఫ్ ఆ రెండిటినీ విడదీయదు. చివర్లో లండన్ ప్రభుత్వ కార్యాలయాలుండే వైట్‌హాల్‌లో పదహారుమంది పెద్దమనుషులు కలాలు ఎత్తి, కుర్చీల్లో కాస్త అలసటగా కదిలి, చరిత్ర ఇటు నడవాలని తీర్మానిస్తారు. రాజాలనూ కైజర్లనూ బజార్లలో గుసగుసల్నీ అదుపులో పెట్టాలని వాళ్ళ పట్టుదల. ఆ రాజాలు, ఆ బజార్లు మనవే. 1914 అక్టోబర్ నాటికే భారత సైనికుల్ని బెల్జియంలోని ఫ్లాండర్స్ కందకాల్లోకి దింపారు. ఆ ప్రాంతం పేరే జేకబ్ ఇంటిపేరు. ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ స్మారకం మీద సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా మన సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. నవల వాళ్ళ దాకా రాదు. కానీ వాళ్ళని అక్కడికి పంపిన కుర్చీల్ని ఇంత దగ్గర్నుంచి చూపించింది. ఇక్కణ్ణుంచి చదివే మనకు ఆ పేజీ వట్టి నేపథ్యం కాదు.

యుద్ధం ఈ పుస్తకంలోకి వచ్చే తీరు నన్ను ఎప్పుడూ భయపెడుతుంది. పన్నెండో అధ్యాయంలో జేకబ్ ఇంకా విదేశాల్లో తిరుగుతున్నాడు, అంతా మామూలుగానే ఉంది. హఠాత్తుగా ఒక పేరా. నార్త్ సీ మీద యుద్ధనౌకలు బారులు తీరతాయి. వయసులో ఉన్న డజను మంది కుర్రాళ్ళు నిబ్బరంగా సముద్రం అడుగుకి దిగి, యంత్రాల మీద పూర్తి పట్టుతో, ఒక్క మాట అనకుండా ఊపిరాడక పోతారు. సైన్యం తగరపు బొమ్మల్లా పొలం నిండా పరుచుకుంటుంది. ఆ వెంటనే మళ్ళీ మామూలు జీవితం. ఏడుపు లేదు, కోపం లేదు, గొంతు కూడా మారదు.

ఆ తర్వాత స్కార్‌బరోలో రాత్రిపూట జేకబ్ తల్లి బెటీ ఫ్లాండర్స్ నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంది. ఫిరంగులా? ఇంత దూరం వినబడవులే, సముద్రం అయ్యుంటుంది. మళ్ళీ అదే చప్పుడు, చీకట్లో ఆడవాళ్ళెవరో పెద్ద పెద్ద తివాచీలు దులుపుతున్నట్టు. కొడుకులు యుద్ధంలో ఉన్నారు. కోళ్ళు భద్రంగా ఉన్నాయా? ఈ తివాచీల చప్పుడు కల్పన కాదు. ఫ్రాన్సులో ఫిరంగులు దక్షిణ ఇంగ్లండులోని ససెక్స్ కొండల మీదికి వినబడేవి. 1916లో వుల్ఫ్ ఒక వార్తాపత్రిక వ్యాసంలో, పెద్ద రచయితలు ఆ మోతలో విధి సుత్తి దెబ్బ వింటున్నారనీ, నిజానికది రాక్షసంత ఆడవాళ్ళు దూరంగా తివాచీలు దులుపుతున్నట్టుందనీ రాసింది. ఆరేళ్ళు ఆ మాటని మనసులో ఉంచుకుని బెటీకి ఇచ్చింది.

చివరి అధ్యాయం ఒక పేజీ. జేకబ్ ఖాళీ గదిలో బొనామీ నిలబడి, ఉత్తరాలన్నీ ఎక్కడివక్కడ పడేసి వెళ్ళాడేంటి, తిరిగొస్తాననుకున్నాడా అని ఆశ్చర్యపోతాడు. బెటీ జేకబ్ పాత బూట్ల జత పైకెత్తి, వీటినేం చేయమంటారు అని అడుగుతుంది. నవల అయిపోయింది. విమర్శకులు ఆ బూట్లని ప్రతీక అంటారు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అది నిజంగా అడిగిన ప్రశ్న. మనిషి పోయాక ఇంట్లో మిగిలేది పని: బీరువా ఖాళీ చేయాలి, బట్టలు ఎవరికివ్వాలో తేల్చాలి, అద్దె గది తాళం అప్పగించాలి. యుద్ధం ఈ నవల్లో ఆడవాళ్ళ దగ్గరికి ఎప్పుడూ ఇంటిపనిగానే వచ్చింది, తివాచీగా, కోళ్ళగూడుగా, బూట్లుగా. ఆ ఒక్క వాక్యాన్ని వీరమరణం గురించిన ఏ పద్యమూ తట్టుకుని నిలబడలేదని నా నమ్మకం.

నవలంతా ఒకే ఎత్తులో ఉందనను. గ్రీసులో సాండ్రా వెంట తిరిగే భాగం సాగుతుంది. ఫ్లోరిండాని చూసే చూపులో, చదువులేని పేదపిల్ల అన్న చులకన ఉంది. అది జేకబ్ చులకనే అని సర్దిచెప్పుకోవచ్చు గానీ రచయిత్రిది కూడా కొంత ఉందనిపిస్తుంది. కథకురాలు అప్పుడప్పుడు మధ్యలో దూరి ఎక్కువ మాట్లాడుతుంది. అయినా ‘మిసెస్ డాలొవే’కి ఇది రిహార్సల్ అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ నవల్లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సెప్టిమస్ బాధ మనకు లోపల్నుంచి తెలుస్తుంది, అర్థమవుతుంది కాబట్టి కొంత ఊరట ఉంటుంది. ఇక్కడ ఆ ఊరట కూడా ఇవ్వలేదు.

మీరు మొదటిసారి తెరుస్తుంటే ఒక్కటి చెబుతాను. వంద మందికి పైగా మనుషులు ఇందులో వచ్చిపోతారు. పేర్లు రాసుకోకండి, ఎవరెవరికి ఏమవుతారో గుర్తుపెట్టుకోవాలని చూడకండి. చాలామంది మళ్ళీ రారు. మొదటి అధ్యాయం అందకపోతే మూడో అధ్యాయం రైలు దగ్గర మొదలుపెట్టి, కేంబ్రిడ్జి పేజీలు అయ్యాక వెనక్కి వెళ్ళండి. అప్పుడు తీరంలో ఆర్చర్ తమ్ముణ్ణి ‘‘జే-కబ్! జే-కబ్!’’ అని ఎందుకంత సేపు పిలుస్తున్నాడో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.